విశాఖను చదవడం ఎలా: ఒక నగర ప్రాంతం పెరిగే తీరును, నడిచే తీరును అధ్యయనం చేసే సమగ్ర మార్గదర్శి

నగరం మీద అధ్యయనం అనగానే చాలామంది ముందు జీవీఎంసీ (మహా విశాఖ నగర పాలక సంస్థ) పటం తెచ్చుకుని, వార్డుల వారీ లెక్కలు కూడబెట్టడం మొదలుపెడతారు. పని పక్కదారి పట్టేది అక్కడే. మధురవాడలో ఉంటూ అచ్యుతాపురం సెజ్‌కు (ప్రత్యేక ఆర్థిక మండలికి) వెళ్లేవాళ్లున్నారు, సబ్బవరంలో ఉంటూ గాజువాకకు పనికొచ్చేవాళ్లున్నారు. ఏలేరు నీళ్లు 153 కిలోమీటర్ల ఎడమ కాలువ దాటి ఇక్కడికి చేరతాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడీలా ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండూల్ రైలు మార్గంలో కొండలు దిగి పోర్టుకొస్తుంది. నగర ప్రాంతాన్ని కార్పొరేషన్ గీతతో కొలవలేం. మనుషులు, నీళ్లు, సరుకు రోజూ తిరిగే మేర వరకూ అది ఉంటుంది. ఆ మేరను లెక్కలతో పట్టుకోవడమే ఈ మార్గదర్శి ఉద్దేశం. భూగోళశాస్త్రం, ప్లానింగ్ విద్యార్థులు, విలేకరులు, కాలనీ సంఘాల వాళ్లు ఎవరైనా ముగ్గురు నలుగురు కలిసి మూడు నెలల్లో చేయగలిగిన పని ఇది. ఒక మామూలు ల్యాప్‌టాప్, పటాలు గీసి కొలిచే, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్, ఎండలో నిలబడే ఓపిక ఉంటే చాలు.

మొదటి అంచె: ప్రశ్నను బిగించడం

"విశాఖ అభివృద్ధి – ఒక పరిశీలన" అనేది ప్రశ్న కాదు. దానికి ఏ జవాబైనా సరిపోతుంది. జవాబు "కాదు" అని కూడా తేలగలిగేలా ప్రశ్న ఉండాలి. ఉదాహరణకు ఈ మూడు చూడండి. 2001, 2011 మధ్య గాజువాక వైపు కట్టడాలు జనాభా కంటే వేగంగా పెరిగాయా? ఆనందపురం–పెందుర్తి–అనకాపల్లి ఆరు వరసల రహదారి వచ్చాక సబ్బవరం పనివాళ్లు ఎటు వెళ్తున్నారు? ఫలానా కాలనీలో వాననీరు నిలవడానికి కారణం కాలువ ఇరుకవడమా, పైనున్న కొండవాలు కాంక్రీటు కావడమా?

ఒక కాగితం మీద అయిదు గళ్లు గీయండి. ప్రశ్న, ప్రాంతం, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, కొలత ప్రమాణం (వార్డా, గ్రామమా, 500 మీటర్ల గళ్లా), ఏ అంకె వస్తే మన ఊహ తప్పని ఒప్పుకుంటాం. అయిదో గడి ఖాళీగా ఉన్నంతవరకూ డేటా జోలికి పోవద్దు. అది ఖాళీగా ఉంటే దొరికిన ప్రతి లెక్కా మన మాటకు సాక్ష్యంలాగే కనిపిస్తుంది.

రెండో అంచె: సరిహద్దు. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

విశాఖకు కనీసం నాలుగు సరిహద్దులున్నాయి. నాలుగింటినీ వేర్వేరు పొరలుగా గీయాలి.

ఒకటి, పాలనా సరిహద్దు. 1979లో మునిసిపల్ కార్పొరేషన్ అయిన విశాఖ, 2005లో గాజువాక మునిసిపాలిటీని, 32 గ్రామాలను కలుపుకుని జీవీఎంసీ అయింది. తర్వాత అనకాపల్లి, భీమునిపట్నం కూడా చేరాయి. రెండు, జనగణన గీసే పట్టణ సముదాయం. మూడు, ప్రణాళికా సరిహద్దు. 1978లో ఏర్పడిన వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) పరిధి, 2018లో దాని స్థానంలోకి వచ్చిన మహానగర ప్రాంత అభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ పరిధి ఇందులోకి వస్తాయి. నాలుగు, రోజువారీ రాకపోకలు చూపే క్రియాత్మక సరిహద్దు. దీన్ని ఏ కార్యాలయమూ గీసి ఇవ్వదు, మనమే గీసుకోవాలి.

ఈ తేడాను పట్టించుకోకపోతే ఏమవుతుందో చూడండి. 2001లో అప్పటి కార్పొరేషన్ జనాభా 10 లక్షల లోపే. చుట్టుపక్కల కలిపిన పట్టణ సముదాయం మాత్రం 13 లక్షలు దాటింది. 2011లో జీవీఎంసీ జనాభా 17.28 లక్షలు. 2001 కార్పొరేషన్ అంకె పక్కన 2011 జీవీఎంసీ అంకె పెడితే పదేళ్లలో నగరం నాలుగింట మూడొంతులకు పైగా పెరిగినట్టు కనిపిస్తుంది. అందులో పెద్ద భాగం గీత జరగడం వల్ల వచ్చిన పెరుగుదల. పుట్టినవాళ్లూ వలసొచ్చినవాళ్లూ కాదు, అప్పటికే గాజువాకలో కాపురముంటున్నవాళ్లు. కాబట్టి ఏ రెండు సంవత్సరాలు పోల్చినా ముందు ఒకే గీత ఎంచుకోండి. 2011 సరిహద్దులో ఉన్న గ్రామాలన్నీ 2001లో ఏ పేరుతో ఉన్నాయో వెతికి, ఆ గ్రామాల లెక్కలు కూడి, పాత జనాభాను కొత్త గీతకు తెచ్చుకోండి.

జిల్లా లెక్కలకు ఇంకో చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న ఉమ్మడి విశాఖ జిల్లా మూడయింది: విశాఖపట్నం, అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు. గాజువాక విశాఖ జిల్లాలో ఉండిపోయింది. ఫార్మా సిటీ ఉన్న పరవాడ, సెజ్ ఉన్న అచ్యుతాపురం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాయి. భోగాపురం ఎప్పటిలాగే విజయనగరం జిల్లాలో ఉంది. అంటే పరవాడలో తయారైన మందు విలువ అనకాపల్లి జిల్లా ఉత్పత్తిలో చేరుతుంది, దాన్ని తయారుచేసిన ఉద్యోగి జీతం విశాఖ దుకాణాల్లో ఖర్చవుతుంది. తలసరి ఆదాయాన్ని జిల్లాల వారీగా పోల్చేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే అనకాపల్లి ఉన్నదానికంటే సంపన్నంగా కనిపిస్తుంది. దీనికి విరుగుడుగా 2011 గ్రామ సంకేతం, పాత మండలం, కొత్త మండలం, కొత్త జిల్లా అనే నాలుగు నిలువు వరసలతో ఒక పట్టిక తయారుచేసుకోండి. విసుగు పుట్టించే పనే, కానీ తర్వాతి లెక్కలన్నీ దాని మీదే నిలబడతాయి.

ఇక క్రియాత్మక సరిహద్దు. యూరప్ దేశాల్లో ఒక ఊరి పనివాళ్లలో 15 శాతం నగరానికి పనికి వెళ్తే ఆ ఊరిని నగర ప్రాంతంలో చేరుస్తారు. మనకు ఆ లెక్క నేరుగా దొరకదు. 2011 జనగణనలోని బి–28 పట్టిక పనికి ఎంత దూరం, ఏ వాహనంలో వెళ్తారో చెబుతుంది. ఎక్కడికి వెళ్తారో చెప్పదు. పైగా అది జిల్లా మొత్తానికి ఇస్తారు. ఉమ్మడి జిల్లాలో పాడేరు, అరకు కూడా ఉన్నాయి కాబట్టి పట్టణ భాగం మాత్రమే తీసుకోవాలి. రైతులు, వ్యవసాయ కూలీలు, ఇంటి పరిశ్రమలో పనిచేసేవాళ్లు ఆ పట్టికలో ఉండరన్నది కూడా గుర్తుంచుకోండి.

అందువల్ల మొదట ఒక ఊహా గీత, తర్వాత దానికి క్షేత్ర పరీక్ష. ఊహా గీతకు రెండు పట్టణాల ఆకర్షణ సూత్రం పనికొస్తుంది. రెండు పట్టణాల పట్టు విడిపోయే బిందువు చిన్న పట్టణం నుంచి ఎంత దూరమో తెలియాలంటే, పెద్ద పట్టణ జనాభాను చిన్న పట్టణ జనాభాతో భాగించి, వర్గమూలం తీసి, ఒకటి కలిపి, వచ్చినదానితో మొత్తం దూరాన్ని భాగించాలి. విశాఖ 17.28 లక్షలు, విజయనగరం 2.28 లక్షలు. భాగిస్తే 7.58, వర్గమూలం 2.75, ఒకటి కలిపితే 3.75. రోడ్డు దూరం 60 కిలోమీటర్లనుకుంటే 60ని 3.75తో భాగించగా 16. అంటే విజయనగరం నుంచి సుమారు 16 కిలోమీటర్ల దాకా ఆ ఊరి పట్టు, అటు తర్వాత విశాఖ పట్టు ఉండాలి.

ఇది తీర్పు కాదు, ఎక్కడికి వెళ్లి అడగాలో చెప్పే గుర్తు మాత్రమే. ఆ బిందువుకు రెండు వైపులా అయిదారు గ్రామాలు ఎంచుకుని ఒక్కో ఊళ్లో కనీసం 20 ఇళ్లలో ఇవే అడగండి: ఇంట్లో నిన్న పనికి వెళ్లినవాళ్లు ఎక్కడికి వెళ్లారు, పిల్లల ఇంటర్మీడియట్ ఎక్కడ, కిందటిసారి ఆసుపత్రికి ఎక్కడికి వెళ్లారు, పెళ్లి బట్టలు ఎక్కడ కొన్నారు, కూరగాయలో పాలో అమ్మితే ఎక్కడ అమ్మారు. జవాబులు ఒకే గీత మీద పడవు. ఆసుపత్రి గీత అన్నిటికంటే దూరం పోతుంది, ఎందుకంటే 1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆసుపత్రికి ఉత్తరాంధ్ర అంతటి నుంచీ, ఒడిశా నుంచీ రోగులు వస్తారు. పాల గీత దగ్గరే ఆగిపోతుంది. ఈ అయిదు గీతలనూ సగటు చేసి ఒక్కటిగా మార్చకండి. అయిదింటినీ అలాగే చూపించండి. ఏ పని ఎంత దూరం లాగుతుందో తెలియడమే అసలు ఫలితం.

మూడో అంచె: నేల, కొండ, గెడ్డ

క్యూజీఐఎస్‌లో ప్రాజెక్టు తెరవగానే నిర్దేశాంక వ్యవస్థను మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర మండలానికి, అంటే ఈపీఎస్‌జీ 32644కు మార్చండి. అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంచి విస్తీర్ణం లెక్కకడితే డిగ్రీల్లో అర్థంలేని అంకెలొస్తాయి. ఎత్తుల కోసం అంతరిక్ష నౌక రాడార్‌తో కొలిచిన, 30 మీటర్ల స్పష్టత ఉన్న ఎస్‌ఆర్‌టీఎం డేటా, రోడ్లకు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, పాత రూపానికి సర్వే ఆఫ్ ఇండియా టోపోషీట్లు (ఎత్తులు, ఊళ్లు చూపే వివర పటాలు) తీసుకోండి.

ఎత్తుల పొర మీద కాసేపు కళ్లు పెట్టండి. ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ, మధ్యలో పల్లం, ఆ పల్లంలోకి చొచ్చుకొచ్చిన ఉప్పుటేరు. ఆ ఏరును తవ్వి లోపలి హార్బరు కట్టారు. 1933లో పోర్టు మొదలైంది, దాని వెంట పరిశ్రమలు పల్లం చుట్టూ చేరాయి. 1941లో నౌకా నిర్మాణ కేంద్రం, 1957లో చమురు శుద్ధి కర్మాగారం, తర్వాత ఎరువులు, జింకు. పాత ఊరు, వాల్తేరు ఎత్తులు నీటికి ఇటు, మల్కాపురం, సింధియా, గాజువాక అటు. అందుకే ఇవాళ్టికీ ఇటు నుంచి అటు పోవాలంటే హార్బరు చుట్టూ తిరిగి ఎన్‌ఏడీ, షీలానగర్ మీదుగా వెళ్లాలి. నగరం మొత్తం ట్రాఫిక్ ఆ మెడలోంచి దూరుతుంది. దీనికి మూలం రోడ్ల వెడల్పులో వెతికితే దొరకదు, హార్బరు ఆకారంలో ఉంది. గాలి కూడా అంతే. కొండల మధ్య పల్లంలో చలికాలపు తెల్లవారుజాముల్లో పొగ, బొగ్గు దుమ్ము పైకి లేవలేక నిలిచిపోతాయి. గాలి నాణ్యత అంకెలు తీసుకునేటప్పుడు ఏడాది సగటుతో సరిపెట్టకుండా డిసెంబరు, జనవరి ఉదయపు గంటలు విడిగా చూడండి.

తర్వాత గెడ్డలు, అంటే వాగులు. ఎత్తుల పొర నుంచి నీటిపారుదల గీతలు తీయడానికి ముందు గుంటలు పూడ్చే సాధనం, తర్వాత ప్రవాహ సేకరణ సాధనం నడపాలి. సాఫ్ట్‌వేర్ గీసిన గెడ్డకూ, నేల మీదున్న గెడ్డకూ నగరం లోపల పొంతన కుదరదు, ఎందుకంటే కల్వర్టులు, గోడలు దారి మళ్లించాయి. తేడా వచ్చిన ప్రతి చోటునూ గుర్తుపెట్టుకుని వెళ్లి చూడండి. ముంపు ఎక్కువగా ఆ చోట్లలోనే ఉంటుంది.

ముంపుకు ఒక చిన్న లెక్క. ఒక హెక్టారు మీద 50 మిల్లీమీటర్ల వాన పడితే 500 ఘనపు మీటర్ల నీరు. చెట్లున్న వాలు మీద అందులో 30 శాతం పారుతుందనుకుంటే 150 ఘనపు మీటర్లు కిందికొస్తాయి. అదే వాలు ఇళ్లు, సిమెంటు రోడ్లతో నిండి 80 శాతం పారితే 400. గెడ్డ వెడల్పు అంగుళం తగ్గకపోయినా దాని మీద భారం రెండున్నర రెట్లకు పైగా పెరిగిందన్నమాట. "గెడ్డ ఆక్రమించారు" అనే ఒక్క మాటతో కారణం తేల్చేసే ముందు పైవాలు విస్తీర్ణం కూడా కొలవండి. రెండూ కారణాలే కావచ్చు, ఏది ఎంత అన్నది అంకెతో చెప్పాలి.

నాలుగో అంచె: కాలం వెంట కట్టడాల మార్పు

జనాభా లెక్క మార్చి 1 నాటిది కాబట్టి ఉపగ్రహ చిత్రం కూడా దానికి దగ్గరగా, జనవరి–ఫిబ్రవరి నెలల్లోది తీసుకోండి. అప్పుడు మబ్బులూ తక్కువ. 2001కి ల్యాండ్‌శాట్ 7 చిత్రాలు బాగుంటాయి. 2011కి మాత్రం దాన్ని వాడకండి. 2003 మే నెలలో దాని స్కానర్ భాగం ఒకటి చెడిపోయి చిత్రాల్లో నల్లటి చారలు పడుతూ వచ్చాయి. 2011కి ల్యాండ్‌శాట్ 5 వాడండి. 2015 తర్వాతికైతే సెంటినెల్–2 ఉంది, 10 మీటర్ల స్పష్టత ఇస్తుంది. రెండు కాలాలు పోల్చేటప్పుడు మెరుగైన చిత్రాన్ని 30 మీటర్లకు దించి పోల్చాలి. లేకపోతే చిన్న ఇళ్లు కొత్తగా కట్టినట్టు కనిపిస్తాయి, నిజానికి అవి పాత చిత్రంలో కనపడలేదంతే.

నేలను నాలుగు తరగతులుగా విడదీస్తే చాలు: కట్టడం, పచ్చదనం, నీరు, బీడు నేల. విశాఖలో అందరికీ దెబ్బ తగిలేది కట్టడానికీ బీడు నేలకూ మధ్య. ఇక్కడి ఎర్రమట్టి, కొండల మీది బోసి రాయి ఎండాకాలపు చిత్రంలో కాంక్రీటులాగే మెరుస్తాయి. భీమిలి (భీమునిపట్నం) దగ్గరి ఎర్రమట్టి దిబ్బలను కూడా సాఫ్ట్‌వేర్ కాలనీ అనేస్తుంది. దీనికి ఉపాయం రెండు చిత్రాలు వాడడం. వానల తర్వాతి నవంబరు చిత్రంలోనూ, ఫిబ్రవరి చిత్రంలోనూ పచ్చదనం సూచీ తక్కువగా ఉంటేనే కట్టడంగా లెక్కించండి. బీడు నేలలో చాలాభాగం నవంబరుకు గడ్డి మొలిచి పచ్చబడుతుంది, ఇంటి కప్పు పచ్చబడదు. రాతి వాలుకు అది కూడా పనిచేయదు కాబట్టి వాలు 20 డిగ్రీలు దాటిన గళ్లను కంటితో విడిగా చూసుకోవాలి. బూడిద చెరువులు, స్లాగ్ (లోహపు చిట్టెం) గుట్టలు, ఉప్పు మడులు కూడా ఇలాగే మోసం చేస్తాయి. వాటికి చేత్తో గీసిన మినహాయింపు పొర ఒకటి పెట్టుకోండి.

ఆ తర్వాత కచ్చితత్వ పరీక్ష. తరగతికి 50 చొప్పున 200 బిందువులు యాదృచ్ఛికంగా తీసి, గూగుల్ ఎర్త్ పాత చిత్రాలతో ఒక్కొక్కటీ సరిచూడండి. వర్గీకరణ చేసిన మనిషి, సరిచూసే మనిషి వేర్వేరుగా ఉండాలి. 85 శాతం కంటే తక్కువ సరిపోతే ఫలితం రాయకండి, మళ్లీ చేయండి.

చివర రెండు రేట్లు: కట్టడాల విస్తీర్ణం ఏటా ఎంత శాతం పెరిగింది, జనాభా ఏటా ఎంత శాతం పెరిగింది. మొదటిదాన్ని రెండోదానితో భాగించగా ఒకటి దాటితే నగరం పలచబడుతూ విస్తరిస్తోందని అర్థం. ఉక్కు కర్మాగారం, నౌకాదళ ప్రాంతాలు, పోర్టు యార్డులు విస్తీర్ణంలో పెద్దవి, జనాభాలో చిన్నవి. వాటిని కలిపి ఒకసారి, తీసేసి ఒకసారి లెక్క చూపించండి. తీసేసిన లెక్కే ఇళ్ల గురించి నిజం చెబుతుంది.

అంకెల వెనుక మనుషుల చరిత్రను కూడా ఇక్కడే చేర్చాలి. 1971 జనవరి 20న ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది, 1992 ఆగస్టు 1న దాన్ని జాతికి అంకితం చేశారు. మధ్యలో 60కి పైగా గ్రామాలు భూములు వదులుకున్నాయి. పెదగంట్యాడ, అగనంపూడి నిర్వాసిత కాలనీలు అలా వచ్చినవే. నిర్వాసితులకు ఇచ్చిన ఆర్ కార్డు అంటే అక్కడ ఇప్పటికీ ప్రతి ఇంటికీ తెలుసు. 1970ల నాటి టోపోషీటు మీద ఆ గ్రామాల పేర్లు చదివి, ఇప్పటి కాలనీ వీధుల్లో ఆ పేర్లు వెతకండి. ఉపగ్రహం చూపించని వలస అలా బయటపడుతుంది.

అయిదో అంచె: రాకపోకలు లెక్కపెట్టడం

పాత గాజువాక కూడలిని ఉదాహరణగా తీసుకుందాం. సెలవులు, పండగలు లేని మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి ఎంచుకోండి. ఉదయం 5 నుంచి 10 దాకా, మధ్యాహ్నం 1 నుంచి 3 దాకా, సాయంత్రం 5 నుంచి 10:30 దాకా లెక్కపెట్టాలి. మామూలు ట్రాఫిక్ సర్వేలు ఉదయం 8కి మొదలవుతాయి. పారిశ్రామిక నగరంలో అది ఆలస్యం, ఎందుకంటే మొదటి షిఫ్టు బస్సులు అప్పటికి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాయి. 15 నిమిషాలకొక వరస చొప్పున పట్టిక గీయండి. ఒక్కో దిశకు ఇద్దరు కావాలి: ఒకరు బైకులు, సైకిళ్లు, రెండోవారు మిగతావన్నీ. ఒకే మనిషి రెండు గంటలు దాటి లెక్కపెడితే బైకులు తప్పిపోతాయి, మార్చి మార్చి కూర్చోండి.

వాహనాలను కారు ప్రమాణానికి మార్చడానికి ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 మార్గదర్శకాలున్నాయి. మొత్తం ట్రాఫిక్‌లో ఆ రకం వాహనం 10 శాతం దాటితే బైకుకు 0.75, ఆటోకు 2, బస్సుకు, లారీకి 3.7. రోడ్డు వెడల్పు గురించిన ప్రశ్నకు ఈ లెక్క సరిపోతుంది. నగర ప్రాంతం ఎలా నడుస్తుందన్న ప్రశ్నకు సరిపోదు. ఆ లెక్కలో నిండు ఆర్టీసీ బస్సు నాలుగు కార్లకు కూడా సమానం కాదు, కానీ అందులో ఉన్నది 50 మంది. కాబట్టి పక్కనే మనుషుల లెక్క వేయండి. ప్రతి పదో వాహనంలో ఎంతమంది ఉన్నారో చూసి, ఆ సగటుతో హెచ్చవేయండి. షేర్ ఆటోలకు, కంపెనీ బస్సులకు విడివిడి గళ్లు తప్పనిసరి. కంపెనీ బస్సు అద్దం మీద అతికించిన పేరు రాసుకుంటే పరవాడకు ఎన్ని, అచ్యుతాపురానికి ఎన్ని, దువ్వాడకు ఎన్ని అన్నది కూడా తేలుతుంది. జనగణన ఇవ్వని గమ్యం లెక్కలో కొంత ఇలా దొరుకుతుంది.

మాట్లాడాల్సిన మనుషులెందరు? నగరం ఎంత పెద్దదైనా, 95 శాతం నమ్మకంతో 5 శాతం అటూఇటూ తేడా ఒప్పుకుంటే 384 మంది, 10 శాతం తేడాకు 96 మంది. అయితే గాజువాకనూ మధురవాడనూ విడివిడిగా పోల్చాలంటే ఒక్కోదానికి 96 కావాలి, రెండింటికీ కలిపి కాదు. ప్రశ్న అడిగే తీరు కూడా ముఖ్యం. "మీరు సాధారణంగా ఎక్కడ పనిచేస్తారు?" అంటే అడ్డా కూలీ ఏం చెప్పాలో తెలియక ఏదో ఒకటి చెబుతాడు. "అన్నా, నిన్న పనికి ఎటెళ్లావు? ఎందులో వెళ్లావు? ఎంతయింది?" అంటే మూడు ముక్కల్లో సరైన జవాబొస్తుంది. ఆడవాళ్ల పనిని విడిగా అడగాలి. ఇంట్లో మగవాళ్లు "ఏం చేయదండీ" అన్న మనిషి రోజూ రెండు బస్సులు మారి నాలుగిళ్లలో పని చేసొస్తుండవచ్చు. వీలైతే ఆమెతోనే మాట్లాడండి, మహిళలు లేని సర్వే బృందంతో ఈ అంచె మొదలుపెట్టకండి.

కాలేజీ ఉత్తరం ఒకటి వెంట ఉంచుకోండి, ట్రాఫిక్ పోలీసులకు ముందే చెప్పండి. నౌకాదళ ప్రాంతాలు, పోర్టు గేట్లు, విమానాశ్రయం దగ్గర ఫోటోలు తీయవద్దు, డ్రోన్ మాటే ఎత్తవద్దు.

ఆరో అంచె: ఒక్క సర్వే నంబరును పూర్తిగా చదవడం

నగరం ఎందుకు ఇటు పెరిగింది, అటు ఎందుకు ఆగిందన్నది పైనుంచి చూస్తే సగమే తెలుస్తుంది. మిగతా సగం భూమి రికార్డుల్లో ఉంటుంది. మీ ప్రాంతంలో మార్పు వేగంగా జరిగిన ఒక్క సర్వే నంబరు తీసుకోండి. దాని గ్రామ నక్షా, ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పుస్తకం), అడంగల్ (సాగు, అనుభవం రికార్డు), 1బీ (హక్కుదారుల రికార్డు), ఈసీ (లావాదేవీల ధ్రువపత్రం), 22ఏ రిజిస్ట్రేషన్ నిషిద్ధ జాబితాలో ఉందో లేదో, ఇవన్నీ వరసగా చూడండి. ఉత్తరాంధ్రలో చాలా గ్రామాలు ఒకప్పుడు జమీందార్ల కింద ఉన్న ఎస్టేటు గ్రామాలు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాత తయారైన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అక్కడ మూల పత్రం. ఇవాళ లేఅవుట్ ఉన్న చోట అందులో "గెడ్డ పోరంబోకు" అనో "చెరువు" అనో రాసి ఉంటే మూడో అంచెలో గుర్తుపెట్టిన ముంపు చోటుతో సరిపోల్చండి.

కొలతల దగ్గర జాగ్రత్త. పాత ఎఫ్‌ఎంబీ అంకెలు లింకుల్లో ఉంటాయి. 100 లింకులంటే 66 అడుగులు, అంటే ఒక లింకు సుమారు 20 సెంటీమీటర్లు. వాటిని అడుగులనుకుని గీస్తే విస్తీర్ణం రెండు రెట్లకు పైగా పెరిగిపోతుంది. సెంటుకు 48.4 గజాలు. ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో రాతపూర్వకంగా అడగాలి.

సింహాచలం దేవస్థానం పంచగ్రామాల భూముల చిక్కు దీనికి మంచి ఉదాహరణ. అడవివరం, వేపగుంట, చీమలాపల్లి, పురుషోత్తపురం, వెంకటాపురం గ్రామాల్లో యాజమాన్యం మీద ఏళ్ల తరబడి నడుస్తున్న వివాదం వల్ల మామూలుగా ప్లాన్ తెచ్చుకుని, బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టుకోవడం కష్టమైంది. అయినా ఇళ్లు ఆగలేదు, కట్టే తీరు మారింది. ఉపగ్రహ చిత్రంలో అక్కడి సందుల వెడల్పును ఎంవీపీ కాలనీ వీధులతో పోల్చి కొలవండి. హక్కు పత్రం ఉన్నచోట వీధి ఎలా ఉంటుందో, లేనిచోట ఎలా ఉంటుందో మీటర్లలో తెలుస్తుంది.

పరిశ్రమ, ఇల్లు ఎంత దగ్గరగా వచ్చాయన్నది కూడా ఇలాగే చూడాలి. 2020 మే 7న స్టైరీన్ (ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం) ఆవిరి లీకైన ఆర్‌ఆర్ వెంకటాపురం కర్మాగారం 1961 నాటిది. దాని చుట్టూ 1, 3 కిలోమీటర్ల వలయాలు గీసి 2001, 2011, 2020 చిత్రాల్లో కట్టడాల శాతం కొలవండి. ఫ్యాక్టరీ ఊరి దగ్గరికి వచ్చిందా, ఊరు ఫ్యాక్టరీ దగ్గరికి వెళ్లిందా అన్న వాదనకు ఏ ఏడాదికి ఆ ఏడాది అంకెలో జవాబుంటుంది. దాని పక్కనే ఆ కాలనీలకు అనుమతి ఎవరు, ఎప్పుడు ఇచ్చారన్న పత్రం కూడా పెట్టాలి. లేకపోతే తప్పంతా అక్కడ ఇల్లు కట్టుకున్నవాడి మీద పడుతుంది.

ఏడో అంచె: నీళ్లు

నగరానికి ఏలేరు, రైవాడ, మేఘాద్రి గెడ్డ, తాటిపూడి, ముడసర్లోవ వంటి వనరులున్నాయి. తాటిపూడి విజయనగరం జిల్లాలో ఉంది. నగరం తన గీత దాటి ఎంత దూరం చేయి చాస్తుందో ఈ పేర్లే చెబుతాయి. అవసరం లెక్క సులువు: మనిషికి రోజుకు 135 లీటర్ల ప్రమాణంతో 17.28 లక్షల మందికి 23.3 కోట్ల లీటర్లు, అంటే రోజుకు 233 మిలియన్ లీటర్లు లేదా 233 ఎంఎల్‌డీ. పంపిణీలో పోయే నీటిని దీనికి అదనంగా కలపాలి. ఇంజనీర్లు ఎంజీడీలో, అంటే రోజుకు మిలియన్ గ్యాలన్లలో మాట్లాడతారు. అది 4.546 లీటర్ల బ్రిటిష్ గ్యాలన్. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లతో లెక్కకడితే సరఫరా ఆరో వంతు తక్కువగా తేలుతుంది.

సరఫరా అంకె తీసుకునేటప్పుడు మూడు విడివిడిగా అడగండి: జలాశయం నుంచి కేటాయించినది, శుద్ధి కేంద్రం నుంచి బయటికి పంపినది, కుళాయి దగ్గరికి చేరినది. పరిశ్రమల వాటా వేరుగా రాయించుకోండి. ఇంటి దగ్గర పరీక్షకు 20 లీటర్ల బిందె, ఫోన్ గడియారం చాలు. బిందె నిండడానికి పట్టిన సమయం, నీళ్లొచ్చిన నిమిషాలు, ఆ కుళాయి వాడే మనుషులు. కొండవాలు పేటల్లో, ఎత్తు తక్కువ కాలనీల్లో ఒకేరోజు కొలిస్తే తేడా కళ్లెదుట ఉంటుంది.

ఎనిమిదో అంచె: ఎవరి మాట చెల్లుతుంది

ఒక పెద్ద పటం మీద ప్రతి నేలకు నిర్ణయం తీసుకునే సంస్థ పేరు రాయండి: జీవీఎంసీ, వీఎంఆర్‌డీఏ, పోర్టు అథారిటీ, నౌకాదళం, రైల్వే, ఏపీఐఐసీ (రాష్ట్ర పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ), ఉక్కు కర్మాగారం, దేవస్థానం, అటవీ శాఖ. పారిశ్రామిక వాడల్లో చాలాచోట్ల ఆస్తిపన్ను వసూలు చేసేది ఏపీఐఐసీ స్థానిక అధికార సంస్థే. కాబట్టి కార్పొరేషన్ పన్ను లెక్కల్లో ఆ కట్టడాలు కనపడకపోతే ఆశ్చర్యపోవద్దు. 2012 నుంచి 2021 దాకా జీవీఎంసీకి ఎన్నికైన పాలకవర్గం లేదు. ఆ తొమ్మిదేళ్ల నిర్ణయాలకు కౌన్సిల్ తీర్మానాలు వెతకడం దండగ, ప్రత్యేకాధికారి ఉత్తర్వులు అడగాలి. 2041 మాస్టర్ ప్లాన్ పటాన్ని నాలుగో అంచెలో తయారైన కట్టడాల పొర మీద పెట్టి, పచ్చని జోన్‌లో ఇప్పటికే ఎన్ని హెక్టార్ల ఇళ్లున్నాయో కొలవండి.

ఒక సంస్థ నిర్ణయం ఇంకో సంస్థ నేల మీద తేలడం ఇక్కడ మామూలే. తూర్పు తీరంలో ఇసుక ఏడాదిలో ఎక్కువభాగం దక్షిణం నుంచి ఉత్తరానికి కదులుతుంది. 1970ల్లో బయటి హార్బరు కోసం కట్టిన రాతి గోడలు ఆ ఇసుకను దక్షిణాన ఆపుతాయి. ఉత్తరాన ఆర్కే బీచ్ కోతకు గురవుతుంది. అందుకే హార్బరులో తవ్విన ఇసుకను తెచ్చి బీచ్‌లో పోస్తుంటారు. తీరం కొలిచేటప్పుడు ఇసుక పోసిన నెలలు కనుక్కోండి. పోసిన వెంటనే తీసిన చిత్రంతో పోల్చితే బీచ్ పెరిగినట్టు వస్తుంది.

చివరి అంచె: పేర్చడం, సరిచూడడం, దాచడం

పొరలన్నీ 500 మీటర్ల గళ్లలోకి మార్చి, గడికొక వరస చొప్పున ఒకే పట్టికలో పెట్టండి: కట్టడాల శాతం, వాలు, గెడ్డ దూరం, బస్సుల సంఖ్య, సంస్థ పేరు. రెండు నిలువు వరసలు కలిసి పెరిగాయని కనిపిస్తే వెంటనే ఒకటి రెండోదానికి కారణమని రాయకండి. ముందు ఏది జరిగిందో తేదీతో చూడండి. సబ్బవరంలో లేఅవుట్లు రోడ్డు వచ్చాక పుట్టాయా, రోడ్డు వస్తుందన్న వార్తకే పుట్టాయా అన్నది ఈసీల తేదీలు చెబుతాయి. వార్డు సగటులను ఇళ్లకు అంటగట్టవద్దు. ఒకే వార్డులో సముద్రం చూసే అపార్ట్‌మెంటూ, జాలరిపేట కూడా ఉంటాయి. ఫలితాన్ని అచ్చువేసే ముందు ఆ ప్రాంతంలో పదేళ్లకు పైగా ఉంటున్న అయిదారుగురికి పటం చూపించండి. "ఇక్కడ గెడ్డ లేదు బాబూ, అటు పక్క ఉంది" అని ఒక్కరన్నా అంటే మళ్లీ వెళ్లి చూడాల్సిందే.

సర్వే కాగితాల మీది పేర్లు, ఫోన్ నంబర్లు అంకెల పట్టికలోకి ఎక్కించకండి. మిగిలిన డేటా, పటాలు, సంకేతాల పట్టిక, ఏ చిత్రం ఏ తేదీదన్న వివరం ఒకే ఫోల్డరులో ఉంచి, దాన్ని రెండు చోట్ల దాచండి. తర్వాతి జనగణనకు ప్రామాణిక తేదీ 2027 మార్చి 1. అప్పటి గ్రామ, వార్డు సంకేతాలు కొత్త జిల్లాల ప్రకారం వస్తాయి కాబట్టి రెండో అంచెలోని నాలుగు వరసల పట్టికకు అయిదో వరస ఇప్పుడే ఖాళీగా చేర్చి పెట్టుకోండి. 2027 జనవరి, ఫిబ్రవరి నెలల మబ్బులేని సెంటినెల్ చిత్రాన్ని కూడా వెలువడిన వెంటనే దించుకుని అదే ఫోల్డరులో వేయండి.